గిరీశం నచ్చితే తప్పా?

కథలో ఒక చెడ్డవాడు మనకి బాగా నచ్చాడనుకోండి. అంటే మనలో కూడా ఏదో చెడు ఉన్నట్టా? మా ఆదివారం గుంపులో మూడు వారాలుగా ఇదే గొడవ. గొడవంటే ఎవరూ అరుచుకోలేదు, కాఫీ చల్లారిపోయేదాకా మాట్లాడుకున్నాం, అంతే. కానీ ఇప్పుడు విషయం గుడి కమిటీ దాకా వెళ్ళింది. అందుకే నా అభిప్రాయం ముందు ఇక్కడ తెలుగులో రాసి పెట్టుకుంటున్నాను. కమిటీలో ఎలాగూ ఇంగ్లీషులోనే మాట్లాడాలి. ఇంగ్లీషులో నేను బాగానే వాదిస్తాను. కాకపోతే ఈ సంగతి ఇంగ్లీషులో చెప్తే సగం రుచి పోతుంది.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం నా గురించి నాలుగు ముక్కలు. నాకు అరవై దాటాయి. పుట్టింది ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో. అక్కడ తెలుగువాళ్ళు చాలామంది. మా తాతగారు విజయనగరం వైపు నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చారు. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, హిందీ, బడిలో మొదటి రోజు నుంచీ ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు నాకెవరూ నేర్పలేదు. యాభై దాటాక, ఇక్కడ ఆష్‌బర్న్‌లో, గుడిలో సంకల్పం కాగితాలు తెలుగులో అచ్చువేసి ఇస్తుంటే చదవలేక, పట్టుదలగా నేర్చుకున్నాను. కాబట్టి మీలో చాలామందికి నేను పెద్దదాన్ని, కానీ చదువులో మీ క్లాస్‌మేట్‌ని. నన్ను గుడిలో పిల్లలు ఆంటీ అంటారు. పిన్నీ అంటే ఇంకా బాగుంటుంది. ఎవరూ అనరు.

మా గుంపు సంగతి. ఆదివారం మధ్యాహ్నం ప్రసాదం కౌంటర్ మూసేశాక, వంటగది పక్క గదిలో ఎనిమిది తొమ్మిదిమంది కూర్చుంటాం. ఎక్కువమంది ఇరవైలు, ముప్పైల్లో ఉన్నవాళ్ళు. కొంతమంది డేటా సెంటర్లలో పని చేస్తారు. మా ఊరి నిండా అవే కదా, కిటికీలు లేని పెద్ద పెద్ద డబ్బాలు. ఒకమ్మాయి సిల్వర్ లైన్ మెట్రో ఎక్కి వస్తుంది. 2022 నవంబర్‌లో మెట్రో ఆష్‌బర్న్ దాకా వచ్చాకే ఆ అమ్మాయి మాకు దొరికింది. అందరికీ తెలుగు వింటే అర్థమవుతుంది. చదవడం కష్టం. వారానికి మూడు పేజీలు, పైకి చదువుతాం. అంతకంటే ఎక్కువైతే తలనొప్పి.

ఈ చలికాలం నుంచి కన్యాశుల్కం చదువుతున్నాం. గురజాడ అప్పారావు గారి నాటకం. ఎందుకు అదే అంటే, నేనే పట్టుబట్టాను. మనలాంటివాళ్ళకి తెలుగు పుస్తకం తెరిస్తే మొదట వచ్చే బాధ ఏమిటి? అందులో మనుషులు మన ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడరు. కన్యాశుల్కంలో మాట్లాడతారు. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది, తరవాత గురజాడ గారు దాన్ని బాగా పెంచి, మార్చి 1909లో మళ్ళీ వేశారు. మనం చదివేది ఈ రెండోదే. పెద్దవాళ్ళందరూ పుస్తకాల భాషలో రాస్తున్న రోజుల్లో ఆయన విజయనగరం వీధిలో వినిపించే భాష రాశారు. నాకైతే పేజీ తిప్పుతుంటే మా మామ్మ పక్కన కూర్చుని తిడుతున్నట్టే ఉంటుంది. ఇది పొగడ్త.

పేరు సంగతి ముందు చూద్దాం. శుల్కం అంటే ఫీజు. కన్య అంటే పెళ్ళి కాని ఆడపిల్ల. కన్యాశుల్కం అంటే పెళ్ళికొడుకు వైపువాళ్ళు ఆడపిల్ల తండ్రికి ఇచ్చే డబ్బు. మనకి తెలిసిన కట్నం దీనికి తిరగేసినది. డబ్బున్న ముసలివాళ్ళు చిన్నపిల్లల్ని కొనుక్కునేవారు, సూటిగా చెప్పాలంటే అంతే. ఆ మొదటి అచ్చుకి రాసిన ముందుమాటలో ఒక లెక్క ఉంది. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో బ్రాహ్మణ కుటుంబాల్లో ఇలాంటి పెళ్ళిళ్ళు 1034. అందులో ముగ్గురు పెళ్ళికూతుళ్ళకి వయసు ఒక ఏడాది. నేను ఆ లెక్క చదివి వినిపించినప్పుడు గదిలో ఎవరూ కాసేపు మాట్లాడలేదు. గుర్తుపెట్టుకోండి, దీనికి మళ్ళీ వస్తాను.

ఇంత భయంకరమైన విషయం మీద రాసిన నాటకం చదువుతూ మనం పడీ పడీ నవ్వుతాం. అక్కడే తిరకాసు. నవ్వు చాలావరకూ గిరీశం వల్ల. గిరీశం ఎవరంటే, పని లేదు, డబ్బు లేదు, అప్పులున్నాయి. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు. వాటితోనే బతికేస్తాడు. ఒక పూటకూళ్ళమ్మ దగ్గర డబ్బు కొట్టేశాడు. (పూట అంటే ఒక వేళ భోజనం, కూడు అంటే అన్నం. పూటకూళ్ళమ్మ అంటే డబ్బు తీసుకుని పూట భోజనం పెట్టే ఆవిడ. హోటళ్ళు రాకముందు మాట. ఎంత మంచి మాటో చూడండి.) ఊళ్ళో ఇక నిలబడలేక, తన దగ్గర చదువుకునే వెంకటేశం అనే కుర్రాడి ఊరికి వెళ్తాడు. అక్కడ ఆ కుర్రాడి అక్క బుచ్చమ్మ. చిన్నప్పుడే ముసలివాడికిచ్చి పెళ్ళి చేస్తే విధవ అయ్యింది. గిరీశం వితంతువుల పెళ్ళిళ్ళ గురించి గొప్ప గొప్ప మాటలు చెప్పి, ఆ అమ్మాయిని లేవదీసుకుపోతాడు. సంఘ సంస్కరణ అని పేరు, లోపల తన సుఖం.

మంచివాడా? కాదు. మరి స్టేజి మీదకి వస్తే? ప్రాణం లేచి వస్తుంది. అతను మాట్లాడుతుంటే ఎదుటివాడు ఎలా పడిపోతున్నాడో మనం చూస్తాం, చూస్తూ చూస్తూ మనమూ పడిపోతాం. నాకు ఇంకో కారణం కూడా ఉంది. తెలుగు వాక్యంలో ఇంగ్లీషు కలిపి మాట్లాడే ఇంత పెద్ద పాత్ర నేను చదివినవాటిలో ఇదే పాతది. అంటే నాలా మాట్లాడే మనిషి! ఇంగ్లీషు మీడియంలో చదివి తెలుగులోకి వెనక్కి వచ్చినదాన్ని, నాకు పుస్తకంలో మొదట దొరికిన చుట్టం ఒక మోసగాడు. ఏం చెయ్యను, చుట్టాల్ని మనం ఎంచుకోం.

ఇక గొడవ. మెట్రోలో వచ్చే అమ్మాయి ఒక రోజు మెల్లగా అడిగింది. "ఆంటీ, నాకు గిరీశం నచ్చాడు. బుచ్చమ్మని అంత మోసం చేశాక కూడా నచ్చాడు. నాకేమైనా తేడానా?" ఈ "తేడా" అనే మాట ఎక్కడ నేర్చుకుందో, సరిగ్గా వాడింది.

వెంటనే ఇంకో అమ్మాయి అందుకుంది. ఈవిడ పిల్లల రక్షణ కేసుల్లో పనిచేస్తుంది, రోజూ చూసేది నిజమైన పిల్లల్ని. ఆవిడ మాట ఇది: ఇందులో నవ్వడానికి ఏముంది? పిల్లల్ని అమ్ముతున్నారు. విధవల్ని మోసం చేస్తున్నారు. వందేళ్ళుగా తెలుగువాళ్ళు దీన్ని హాస్య నాటకం అని పిలుచుకుంటూ నవ్వుతున్నారంటే, మన వాళ్ళకి అసలు విషయం కనిపించలేదన్నమాట.

ఆ వారమే కొడుకుని తీసుకెళ్ళడానికి వచ్చిన ఒక తండ్రి తలుపు దగ్గర నిలబడి విన్నాడు. ఆయనకి ఇంకో బాధ. ఇందులో మధురవాణి అనే వేశ్య ఉంది, మంచం కింద పెద్దమనుషులు దాక్కునే సీను ఉంది, బ్రాహ్మణుల్ని ఎగతాళి చేస్తుంది, ఇది గుడిలో చదవాల్సిన పుస్తకమా అని. పిల్లలకి తెలుగు నేర్పండి, ఇవి కాదు అన్నాడు. మర్యాదగానే అన్నాడు. తరవాత కమిటీకి ఈమెయిలు పెట్టాడు. అది కూడా మర్యాదగానే ఉంది.

నేను ఈ ఇద్దరి గురించీ చాలా ఆలోచించాను, పులిహోర పొట్లాలు కడుతూ. (ఆ పని చేస్తుంటే బుర్ర బాగా పనిచేస్తుంది. మీరూ వచ్చి చేసి చూడండి, మనుషులు తక్కువగా ఉన్నారు.) ఒకరు ఆధునికం, ఒకరు సంప్రదాయం, ఇద్దరూ ఎదురెదురుగా ఉన్నట్టు కనిపిస్తారు. కానీ లోపల ఇద్దరిదీ ఒకే లెక్క. కథలో దేన్ని ఇష్టపడితే దాన్ని ఒప్పుకున్నట్టే అని. ఆ లెక్క నేను ఒప్పుకోను.

అభిరుచి అనే మాట చూడండి. మనిషి ఇష్టాల్ని అభిరుచి అంటాం. అందులో రుచి ఉంది, నాలుకకి తెలిసే రుచే. నాకు కాకరకాయ వేపుడు ప్రాణం. అంతమాత్రాన నేను చేదు మనిషినని ఎవరూ అనరు (మా ఆయన్ని అడక్కండి). పుస్తకాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎందుకో రుచిని చూసి మనిషిని తూకం వేస్తాం. నాకు యండమూరి వీరేంద్రనాథ్ గారి తులసిదళం చాలా ఇష్టం. చేతబడి, రాత్రి దీపం ఆర్పాలంటే భయం. ఒకసారి గుడి వంటగదిలో నా సంచీలోంచి ఆ పుస్తకం బయటపడితే, ఒకావిడ నా వైపు చూసిన చూపు మరచిపోలేను. ఆ తరవాత రెండు వారాలు ఆవిడ నా చేతి చక్కెరపొంగలి తినలేదని నా అనుమానం.

మన తెలుగువాళ్ళకి ఇది కొత్త విద్య కాదు. కథలో చెడ్డవాడిని ప్రేమించడం, బయట మంచిగా బతకడం రెండూ మనకి ఎప్పటినుంచో వచ్చు. 1977లో దాన వీర శూర కర్ణ వచ్చింది. ఎన్టీ రామారావు గారే తీసి, అందులో కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడు వేషాలూ ఆయనే వేశారు. జనం ఎవరి డైలాగులు బట్టీ పట్టారు? దుర్యోధనుడివి. కొండవీటి వెంకటకవి గారు రాసిన ఆ మాటలు ఇప్పటికీ తెలుగు సంఘాల ఫంక్షన్లలో ఎవరో ఒక అంకుల్ స్టేజి ఎక్కి గుక్క తిప్పుకోకుండా చెప్తాడు, అందరూ ఈలలు వేస్తారు. మరి ఆ ఈలలు వేసినవాళ్ళలో ఒక్కరైనా కొడుక్కి దుర్యోధన్ అని పేరు పెట్టగా నేను చూడలేదు. కర్ణ్ ఉన్నాడు, అర్జున్‌లు లెక్కలేనంతమంది ఉన్నారు. దుర్యోధన్ లేడు. ఎవరూ చెప్పకుండానే జనం గీత ఎక్కడ గీసుకున్నారో చూశారా?

దానికంటే ముందు, 1961లో, సీతారామకళ్యాణంలో ఆయన రావణుడు వేశారు. మా అమ్మ ఆ రావణుడికి దండం పెట్టినంత పని చేసేది, వీణ పట్టుకుని కూర్చుంటే ఎంత బాగున్నాడో అని. మర్నాడు మామూలుగానే రాముడికి పూజ చేసుకునేది. ఆవిడకి ఇందులో ఏ ఇబ్బందీ కనిపించలేదు. మాయాబజార్ సంగతి సరేసరి. 1957 నుంచీ ఆ సినిమాలో అందరికంటే ఇష్టమైనవాడు ఎవరంటే పిల్లలు ఘటోత్కచుడు అనే చెప్తారు. రాక్షసుడు! ఎస్వీ రంగారావు గారి రాక్షసుడు.

నిజం చెప్పాలంటే మన జనం గీత చెరిపేసిన సందర్భాలు కూడా ఉన్నాయి. చెడ్డ పాత్రల దగ్గర కాదు, మంచి పాత్రల దగ్గర. ఎన్టీఆర్ కృష్ణుడి బొమ్మ క్యాలెండర్ చాలా ఇళ్ళలో దేవుడి గదిలోకి వెళ్ళింది. మా ఖరగ్‌పూర్ ఇంట్లో కూడా ఉండేది. నటుడెవరో, దేవుడెవరో తెలియక కాదు, తెలిసే. ఆయన 1982లో పార్టీ పెట్టి మరుసటి ఏడాది జనవరికల్లా ముఖ్యమంత్రి అయ్యారంటే అందులో ఆ క్యాలెండర్లకి వాటా లేదని నేనైతే అనలేను. కాబట్టి కథని నిజంతో కలిపేసుకోవడం గురించి భయపడాలంటే, మోసగాడిని చూసి నవ్వేవాళ్ళ కంటే వీరుడికి దండం పెట్టేవాళ్ళ గురించే ముందు భయపడాలి. గిరీశానికి ఎవరూ ఓటు వెయ్యలేదు. (వేశారని కొంతమంది అంటారు. ఆ రాజకీయం నాకొద్దు.)

ఒకే కథ వేర్వేరు మనుషులకి వేర్వేరుగా అందడం కూడా సహజం. ఆర్ఆర్ఆర్ 2022లో వచ్చినప్పుడు మా పక్కింటి అమెరికన్ జంటని మేమే తీసుకెళ్ళాం. వాళ్ళకి అది ఇద్దరు స్నేహితుల కథ, పులులు, డాన్సు. మా వదినగారికి అది అల్లూరి సీతారామరాజు, కొమరం భీమ్ కథ, అందుకని ఆవిడకి కోపం వచ్చింది. అల్లూరిని 1924లో చంపేశారు, భీమ్ 1940లో చనిపోయాడు, ఇద్దరూ కలిసి డాన్సు చెయ్యడమేమిటని. దర్శకుడు ఇది కల్పన అని ముందే చెప్పాడని నేను అన్నాను. "కల్పన అయితే వేరే పేర్లు పెట్టుకోవచ్చు కదా" అంది. ఆ మాటకి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. పక్కింటివాళ్ళకి ఆ పేర్లు బరువు కాదు. మా వదినకి బరువు. ఎవరి సినిమా వాళ్ళు చూశారు, టికెట్టు మాత్రం అందరం ఒకే ధర పెట్టి కొన్నాం.

ఇక్కడిదాకా నా వాదన సులువు. కష్టమైన చోటు చింతామణి. కాళ్ళకూరి నారాయణరావు గారి నాటకం, దాదాపు వందేళ్ళ నాటిది. వేశ్యల మోజులో పడి కొంపలు ఎలా కూలిపోతాయో చూపించి జనాన్ని బాగుచేద్దామని రాశారు. అందులో సుబ్బిశెట్టి అనే పాత్ర ఉంది. చింతామణి కోసం ఆస్తంతా పోగొట్టుకునే వ్యాపారి. ఊరూరా ఆడుతూ ఆడుతూ ఏమైందంటే, జనం సుబ్బిశెట్టి దగ్గర నవ్వుతున్నారు కదా అని నటులు అతని మాటలు పెంచారు. రాసినవాటికంటే పెంచినవే ఎక్కువయ్యాయి, మోటు జోకులు చేరాయి. చివరికి చాలామంది సుబ్బిశెట్టి కోసమే నాటకానికి వెళ్ళేవారు. ఇదంతా తమ కులాన్ని ఎగతాళి చెయ్యడమేనని ఆర్యవైశ్య సంఘాలు చాలాకాలం అడిగాయి. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకాన్ని నిషేధించింది. కళాకారులు బాధపడ్డారు, విషయం కోర్టుకి కూడా వెళ్ళింది.

నాకు నిషేధాలు ఇష్టం లేదు. ఒక పాత్ర కోసం మొత్తం నాటకాన్ని మూసెయ్యడం, ఒక బియ్యపు గింజలో రాయి ఉందని గిన్నె మొత్తం పారబోయడం. కానీ మా గుడిలోనే ఒక వైశ్య కుటుంబం పెద్దాయన నాకో మాట చెప్పారు. చిన్నప్పుడు బడిలో పిల్లలు ఆయన్ని సుబ్బిశెట్టీ అని పిలిచేవారట. ఏడేళ్ళ పిల్లవాడిని. ఆయన నాటకం చూడలేదు, చదవలేదు. అయినా ఆ నాటకం ఆయన మీద జరిగింది. ఇది విన్నాక "కథ కథే, బతుకు బతుకే" అని నేను అంత ధీమాగా చెప్పలేను. కథ పుస్తకంలో ఆగదు, జనం నోట్లో పడి వీధిలోకి వస్తుంది.

అయితే ఇక్కడ తప్పు ఎక్కడుంది? సుబ్బిశెట్టి నచ్చడంలో ఉందా? నాకలా అనిపించదు. ఒక మనిషిని చూసి నవ్వీ నవ్వీ, అతను ఒక మనిషని మరచిపోవడంలో ఉంది. మొగుడు ఆస్తి పోగొట్టుకుంటుంటే ఇంట్లో భార్య ఏం చేస్తోందో ఎవరూ అడగకపోవడంలో ఉంది. నచ్చినవాడి వెలుగులో పక్కనున్నవాళ్ళు కనిపించకపోవడం, అదీ ప్రమాదం. గిరీశం విషయంలో కూడా అంతే.

మా గుంపులో జరిగింది చెప్తాను. పైకి చదవడానికి పాత్రలు పంచుకుంటాం కదా. గిరీశానికి ముగ్గురు చేతులెత్తారు. మధురవాణికి ఇద్దరు. (మధురవాణి అంటే నాకు గిరీశం కంటే ఎక్కువ ఇష్టం. తెలివి, దయ, ఎవరి దగ్గర ఏం మాట్లాడాలో తెలియడం, అన్నీ ఉన్నది ఆవిడ దగ్గరే. గుడిలో ఆవిడ పేరు ఎత్తకూడదన్న ఆ తండ్రిగారు ఒక్కసారి చివరి అంకం చదివితే బాగుండును.) బుచ్చమ్మకి ఎవరూ చెయ్యి ఎత్తలేదు. ఆవిడకి పెద్ద మాటలు లేవు, జోకులు లేవు. గిరీశం చెప్తుంటే నమ్ముతుంది, అంతే. ఇక సుబ్బి, బుచ్చమ్మ చెల్లెలు. తండ్రి అగ్నిహోత్రావధానులు ఈ పిల్లని ముసలి లుబ్ధావధానులుకి అమ్మబోతున్నాడు. మొత్తం నాటకం ఈ పిల్ల కోసమే కదులుతుంది, ఆ పెళ్ళి ఆపడానికే మేనమామ ఒక మగపిల్లాడికి ఆడవేషం వేసి తీసుకొస్తాడు. కానీ సుబ్బి గొంతు మనకి వినిపించేది చాలా తక్కువ. ఆ 1034 మంది గొంతు కూడా ఎక్కడా వినిపించదు కదా. గురజాడ గారు కావాలని చేశారో లేదో నేను చెప్పలేను. నాకు మాత్రం ఇది గట్టిగా తగిలింది.

కేసుల్లో పనిచేసే అమ్మాయి బుచ్చమ్మ పాత్ర తీసుకుంది. ఎవరూ అడక్కుండా తనే తీసుకుంది. అప్పటినుంచి మా గదిలో నవ్వు మారింది. ఆగిపోలేదు సుమా! గిరీశం మాట్లాడుతుంటే నవ్వుతూనే ఉన్నాం. కానీ అతను మాట్లాడే ఎదురుగా ఒక నిజమైన గొంతు ఉంది, నెమ్మదిగా, తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటూ, అతను చెప్పింది నమ్మే గొంతు. నవ్వుతూ నవ్వుతూ ఆవిడ వైపు చూస్తాం. ఒక వారం గిరీశం చదివే కుర్రాడు మధ్యలో ఆగి "ఇది నేను చెప్పలేను" అన్నాడు. ఆవిడే "చదువు, పర్లేదు, రాసింది అదే కదా" అంది. చదివాడు.

సంస్కృతంలో కథ చూసేవాడికి, వినేవాడికి ఒక మాట ఉంది. సహృదయుడు. మంచి హృదయం ఉన్నవాడు అని మనం మామూలుగా అనుకుంటాం. పాతవాళ్ళు వాడిన అర్థం, కవి హృదయంతో సమానమైన హృదయం ఉన్నవాడు. అంటే కవి గిరీశాన్ని ఎంత ఇష్టంగా రాశాడో అంత ఇష్టంగా చూడాలి, బుచ్చమ్మ కోసం ఎంత బాధపడి రాశాడో అంత బాధా పడాలి. రెండూ. గిరీశం మీద ఇష్టం లేకుండా గురజాడ గారు ఆ మాటలు రాయగలిగేవారా? ఒక మనిషిని పైనుంచి అసహ్యించుకుంటూ అన్ని పేజీలు రాయడం ఎవరికీ సాధ్యం కాదు. పైగా గిరీశం నచ్చకపోతే నాటకం పనిచెయ్యదు. బుచ్చమ్మ ఎందుకు నమ్మిందో మనకి అర్థం కావాలంటే, ముందు మనం నమ్మాలి. మనం పడిపోకపోతే "ఎంత అమాయకురాలో" అని ఆవిడ మీద జాలిపడి ఊరుకుంటాం. పడిపోయాక ఆ జాలి పనికిరాదు. మెట్రో అమ్మాయికి నేను చెప్పింది ఇదే. నీకు గిరీశం నచ్చాడు కాబట్టే నీకు బుచ్చమ్మ తెలిసింది.

ఆ తండ్రిగారి ఈమెయిలు సంగతి. వచ్చే బుధవారం కమిటీలో మాట్లాడతారు. నేను అడగబోయేవి పెద్ద కోరికలేం కావు. గదిలో పెద్దవాళ్ళమే చదువుతున్నాం, పదహారు దాటనివాళ్ళు ఎవరూ లేరు. తలుపు వేసుకుంటాం. గుడిలో మనం హరికథల్లో కీచకుడి కథ విన్నాం, అహల్య కథ విన్నాం, జూదంలో భార్యని పందెం పెట్టిన ధర్మరాజు కథ పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని విన్నాం. అవి విన్నప్పుడు గుడి మైల పడలేదు. ఆడపిల్లల్ని అమ్మకూడదని చెప్పే పుస్తకం చదివితే పడుతుందా? ఒకవేళ వద్దంటే గొడవ పడను, మా ఇంట్లో బేస్‌మెంట్ ఉంది. కానీ వద్దనకూడదని నా కోరిక. మా పిల్లలకి తెలుగంటే శ్లోకాలు, పండగలు, పట్టు చీరలు మాత్రమే అయిపోతే, పదేళ్ళ తరవాత వాళ్ళకి తెలుగులో కోపం రాదు, తెలుగులో సిగ్గు వెయ్యదు, తెలుగులో పొట్టచెక్కలయ్యేలా నవ్వు రాదు. దండం పెట్టడానికి మాత్రమే పనికొచ్చే భాష ఎక్కువకాలం నోట్లో ఉండదు. ఖరగ్‌పూర్‌లో మా వీధిలో ఎన్ని ఇళ్ళలో అలా అయిందో చూశాను.

నిన్న ఆ తండ్రిగారు కౌంటర్ దగ్గరికి వచ్చారు. పులిహోర ఇస్తూ అడిగాను, మా గుంపులో అగ్నిహోత్రావధానులు చదవడానికి మనిషి లేడు, గట్టి గొంతు కావాలి, ముక్కు మీద కోపం ఉండాలి, మీరు వస్తారా అని. ఆయన నవ్వలేదు. ఆ పాత్ర మంచివాడా చెడ్డవాడా అని అడిగారు. కూతుళ్ళని అమ్మేవాడు, కానీ కూతుళ్ళంటే ఇష్టం లేనివాడు కాదేమో, నాకింకా తేలలేదు, మీకూ ఒక కూతురుంది కదా, చదివి మీరే చెప్పండి అన్నాను. వస్తానని అనలేదు. నా దగ్గరున్న రెండో కాపీ అడిగి తీసుకుని, చెప్పుల స్టాండు దగ్గర నిలబడి కాసేపు పేజీలు తిప్పి, కారు ఎక్కారు.